బ్రునెల్ ఓడలు: ఏది మేలు?

గ్రేట్ వెస్టర్న్, గ్రేట్ ఈస్టర్న్ రెండూ ఇంజనీర్ బ్రునెల్ బుర్రలో పుట్టినవే. 1838లో బ్రిస్టల్ నుంచి న్యూయార్క్‌కి తొలిసారి బయల్దేరిన వెస్టర్న్‌లో ప్రయాణికులు ఏడుగురే. అంతకుముందే ఓడలో నిప్పంటుకుందని తెలిసి మిగతావాళ్లు జారుకున్నారు మరి! అయినా పదిహేను రోజుల్లో అవతలి ఒడ్డు చేరింది, దాదాపు 200 టన్నుల బొగ్గు ఇంకా మిగిలే ఉంది. ఆవిరి ఓడకి దారిలోనే బొగ్గు అయిపోతుందన్నవాళ్ల నోళ్లు మూతపడ్డాయి. 1846 దాకా అట్లాంటిక్ మీదే తిరిగింది.

ఈస్టర్న్‌లో 4,000 మంది పడతారు. 1860 తొలి యాత్రకి టికెట్ కొన్నది 35 మంది. యజమానులకి మిగిలింది నష్టమే. కానీ 1866లో అట్లాంటిక్ అడుగున టెలిగ్రాఫ్ కేబుల్ వేసింది, 1870లో ఏడెన్-బొంబాయి మధ్య కూడా. అంత కేబుల్ పట్టే పొట్ట అప్పట్లో దానికే ఉంది. ప్రయాణికుల ఓడగా మాత్రం నా ఓటు వెస్టర్న్‌కే.