చలువరాయి వెంట: ఆబూ, రణక్‌పూర్, ఆగ్రా

మా ఇంట్లో పెద్దవాళ్ళు పాలరాయిని చలువరాయి అనే అంటారు. ఆ పేరు ఎంత సరైనదో రాజస్థాన్‌లోని ఆబూ కొండ మీదున్న దిల్‌వాడా జైన గుడిలో వట్టి కాళ్ళతో నడిచాక తెలిసింది. నిజానికి నీడలో ఉన్న రాయి గాలి కంటే చల్లగా ఉండాలనేం లేదు. మన అరికాలి వేడిని గబగబా లాగేసుకుంటుంది, అందుకే ఆ చలవ.

ఆబూ రోడ్ స్టేషన్ నుంచి కొండ మీదికి 28 కిలోమీటర్లు. జైనులు కానివాళ్ళని మధ్యాహ్నం 12 తర్వాతే గుడిలోకి పంపిస్తారు. ఫోన్, కెమెరా, తోలు వస్తువులు బయటే వదలాలి. చేతిలో ఫోన్ లేకపోవడం ఎంత మంచిదో లోపలికి వెళ్ళాక అర్థమైంది. మూడు గంటలు తల దించలేదు.

బయట నుంచి చూస్తే సాదా గోడలే. లోపల విమల వసహి అనే గుడి, 1031లో గుజరాత్‌ని ఏలిన సోలంకీ రాజు మొదటి భీముడి మంత్రి విమల్ షా కట్టించింది. పక్కనే 1230 నాటి లూణ వసహి, వస్తుపాల తేజపాల సోదరులది. అందులో గర్భగుడి ద్వారానికి రెండువైపులా ఉన్న గూళ్ళని తోటికోడళ్ళ గూళ్ళంటారు. నన్ను కట్టిపడేసింది మాత్రం మండపం కప్పులోంచి తలకిందులుగా వేలాడే తామర. రేకుల అంచులు ఎంత పల్చగా ఉన్నాయంటే, వెలుతురు రాయిని దాటి ఇవతలికి వస్తున్నట్టుంది. పాలరాయిలోని కాల్సైట్ అనే ఖనిజం వెలుగుని కొంచెం లోపలికి రానిచ్చి వెనక్కి పంపుతుంది, ఆ మెరుపు దానిదే. చెక్కగా రాలిన పొడిని తూచి శిల్పులకు కూలీ ఇచ్చారని అక్కడ చెబుతారు. ఆ తామర చూశాక నమ్మబుద్ధేస్తుంది.

బస మాత్రం నక్కీ చెరువు పక్కన తీసుకుని తప్పు చేశాం. అర్ధరాత్రి దాకా గోలే. పెద్దవాళ్ళు వెంట ఉంటే చెరువుకి దూరంగా చూసుకోండి.

రాజస్థాన్‌లోనే ఉన్న రణక్‌పూర్‌లో 15వ శతాబ్దపు ఆదినాథుడి జైన గుడి, 1444 స్తంభాలంటారు. ఆడియో గైడ్ బాగుంది, తప్పకుండా తీసుకోండి. ధర్మశాలలో భోజనం శుభ్రంగా, రుచిగా ఉంది. పొద్దుగూకే లోపే తినేయాలి.

తాజ్‌మహల్‌కి శుక్రవారం సెలవు. సమాధి ఉన్న మందిరంలోకి వెళ్ళడానికి విడిగా 200 రూపాయల టికెట్. డబ్బు దండగ అనుకోకండి, రంగురాళ్ళు పొదిగిన పూల పని దగ్గర నుంచి చూడాల్సిందే. ఇంత పెద్ద కట్టడంలో లోపలంతా ఇటుకే, పైన రాజస్థాన్‌లోని మక్రానా నుంచి తెచ్చిన పాలరాయి తొడుగు. సున్నపురాయి భూమి లోపలి వేడికీ ఒత్తిడికీ మారి పాలరాయి అవుతుంది, సున్నపురాయిలాగే ఇదీ ఆమ్లం తగిలితే కరుగుతుంది. గాలిలోని పొగ, దుమ్ము పేరుకుని రంగు మారితే ముల్తానీ మట్టి పూసి కడుగుతారు. మనం ముఖానికి రాసుకునే మట్టే! అయినా మూడింట్లో ఒక్కటే చూడగలిగితే నేను ఆబూకే వెళ్ళమంటాను. తాజ్ దూరం నుంచి గొప్పగా ఉంటుంది, దిల్‌వాడా దగ్గరికి వెళ్ళేకొద్దీ గొప్పగా ఉంటుంది.

ఆగ్రాలో మా గైడ్ చరిత్ర పది నిమిషాల్లో ముగించి తిన్నగా ఒక దుకాణానికి తీసుకెళ్ళాడు. పాలరాయి డబ్బా అని చూపించినదాని అడుగున గోటితో గీశాను. తెల్లటి గీత పడింది. అసలు పాలరాయి మీద గోటి గీత పడదు. అది మెత్తటి సోప్‌స్టోన్, అంటే బలపపు రాయి. డబ్బా అక్కడే పెట్టేసి వచ్చేశాం.