ఆటోనగర్‌లో నాన్న బుల్లెట్‌తో రెండు రోజులు

గుంటూరు నుంచి విజయవాడ వస్తూ కాజ టోల్‌గేటు దాటాక మంగళగిరి కొండ కనిపిస్తుండగా బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఆరు నెలలుగా ఇదే వరస. ఇరవై, ముప్పై కిలోమీటర్లు నడిచి ఇంజన్ బాగా వేడెక్కిందంటే ఆగిపోతుంది. అరగంట నీడలో పెడితే ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టవుతుంది. ఏప్రిల్ ఎండలో రోడ్డు పక్కన సోడా బండి దగ్గర కూర్చుని ఆ అరగంటా గడిపి, వారధి దాటి విజయవాడలోకి వచ్చేసరికి పదిన్నర.

బండి 1988 నాటి బుల్లెట్ 350. నాన్న ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్నారు. తిరువొత్తియూరులో తయారైన పాత ఇనప ఇంజన్‌ది. కుడికాలితో గేరు, ఎడమకాలితో బ్రేకు. మోకాళ్ళ నొప్పుల వల్ల ఆయన కిక్ కొట్టలేక నాకు అప్పగించారు. గుంటూరులో ఒక మెకానిక్ ఈ ఆరు నెలల్లో ప్లగ్గు మార్చాడు, కాయిల్ మార్చాడు, కార్బొరేటర్ రెండుసార్లు విప్పాడు. రోగం మాత్రం అలాగే ఉంది. చివరికి "పాత బండి కదా, అంతే" అన్నాడు. నాకు బాధ కలిగింది డబ్బు పోయినందుకు కాదు, ఆ మాటకి.

విజయవాడ ఆటోనగర్‌లో కస్టమ్ బైకుల షాపు ఒకటి కొత్తగా పెట్టారని స్నేహితుడు చెబితే బయల్దేరాను. కస్టమ్ అనే మాట వింటేనే నాకు కొంచెం భయం. ట్యాంకు తీసేసి, మడ్‌గార్డులు కోసేసి బండి ఆనవాలు లేకుండా చేస్తారేమోనని. ఏమీ కోయనివ్వకూడదని ముందే గట్టిగా అనుకుని వెళ్ళాను.

ఆటోనగర్ గేటు దాటి లోపలికి వెళితే అది వేరే ఊరు. ఒక వీధంతా లారీ బాడీలు కట్టేవాళ్ళు, ఇంకో వీధంతా స్ప్రింగు పట్టీలు, మరో వీధిలో రేడియేటర్లు. ఏ సందులో తిరిగినా వెల్డింగ్ మెరుపులు, పెయింటు వాసన. ఈ షాపు ఒక లేత్ వర్క్స్ పక్కన రేకుల షెడ్డులో ఉంది. బోర్డు ఇంకా పెయింటర్ దగ్గరే ఉందట. రెండుసార్లు దాటిపోయి, మూడోసారి బయట పెట్టిన ఆర్‌ఎక్స్ 100 ట్యాంకు చూసి గుర్తుపట్టాను.

నడిపేది ముప్పై ఏళ్ళ కుర్రాడు. అతనితో పాటు అరవై దాటిన మిస్త్రీ ఒకరు. ఆయన్ని అందరూ బాబాయ్ అనే పిలుస్తున్నారు, నేనూ అలాగే పిలిచాను. లోపల లిఫ్టు మీద రెండు సైలెన్సర్ల యెజ్డీ, కింద ఇంజన్ విప్పిన ఇంకో బుల్లెట్. పనిముట్లు గోడకి వరసగా తగిలించి ఉన్నాయి. నేల మీద ఆయిల్ మరక లేదు. ఆటోనగర్‌లో ఇది చిన్న విషయం కాదు.

నేను చెప్పేదంతా బాబాయ్ మధ్యలో మాట అడ్డం వేయకుండా విన్నారు. "ఇప్పుడేం విప్పొద్దు బాబూ. ముందు దాన్ని వేడెక్కనియ్" అన్నారు. స్టార్ట్ చేసి స్టాండు మీద పెట్టి, తాము వేరే పని చూసుకున్నారు. ఇరవై నిమిషాలకి బండి దగ్గడం మొదలుపెట్టింది. అప్పుడు పాయింట్ల మీది మూత తీసి (స్పార్కు కోసం కరెంటుని కలిపి విడదీసే చిన్న జంట పలకలవి), తన ఒంటితో వెలుతురు అడ్డం పెట్టి, నన్ను వంగి చూడమన్నారు. పాయింట్లు విడిపోయిన ప్రతిసారీ వాటి మధ్య నీలంగా నిప్పు ఎగురుతోంది, వెల్డింగ్ దగ్గర ఎగిరినట్టే.

"ఆ నిప్పు ప్లగ్గులో పడాలి. ఇక్కడే పడిపోతోంది. కండెన్సర్ పోయింది."

కండెన్సర్ అంటే చిటికెన వేలి కొసంత రేకు గొట్టం. పాయింట్లు విడిపోయినప్పుడు కరెంటు వాటి మధ్య దూకకుండా అది తనలోకి తీసుకుంటుంది. అలా జరిగితేనే కాయిల్‌లో గట్టి స్పార్కు పుడుతుంది. లోపలి పొర దెబ్బతిన్నది చల్లగా ఉన్నప్పుడు బాగానే పనిచేసి, వేడెక్కగానే చేతులెత్తేస్తుంది. అందుకే అరగంట నీడలో పెడితే బండి బాగైపోయేది. పాయింట్లు ఊడదీసి నా అరచేతిలో పెట్టారు. ఒకదాని మీద చిన్న గుంట, రెండోదాని మీద దానికి సరిగ్గా సరిపోయే బుడిపె. ఆరు నెలల కథంతా అక్కడ రాసి ఉంది. కొత్తవి వేసి, సందు కొలిచే పల్చటి రేకుల ఫీలర్ గేజ్‌తో సందు 0.35, 0.40 మిల్లీమీటర్ల మధ్య పెట్టారు.

నాకు ఈ షాపు నచ్చింది అందుకే. పెద్ద సర్వీస్ సెంటర్లలో మనల్ని ఏసీ గదిలో కూర్చోబెట్టి, అద్దం అవతల ఏదో చేసి, బిల్లు చేతిలో పెడతారు. ఇక్కడ బండి యజమాని పక్కన నిలబడి చూడొచ్చు, అడగొచ్చు. నాన్న బండి గురించి నాకు తెలియాల్సింది ఇన్నేళ్ళకి తెలిసింది.

ఆ మధ్యాహ్నమే ఒక కాలేజీ కుర్రాడు వచ్చాడు. బండి చాసిస్ వెనక భాగం కోసి పొట్టిగా చేయాలి, మోత మోగే సైలెన్సర్ బిగించాలి. ఎంతైనా ఇస్తానన్నాడు. షాపు నడిపే అతను కుదరదన్నాడు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ వివరాలకీ ఆర్‌సీకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది, రేపు యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ దగ్గర చిక్కు నీకే వస్తుంది తమ్ముడూ అని నిదానంగా వివరించాడు. రంగు మార్చుకుంటే మార్చుకో, ఆర్‌సీలో ఎక్కించుకో, సీటు బాగా కుట్టిస్తా అన్నాడు. కుర్రాడు సీటుకి ఒప్పుకున్నాడు. షాపు పెట్టిన కొత్తలో, అద్దె నెత్తిన ఉండగా, వచ్చిన డబ్బుని వద్దనడం మామూలు విషయం కాదు. పొద్దున నేను తెచ్చుకున్న భయం అక్కడితో పోయింది.

సాయంత్రమే తిరిగి వెళ్ళిపోదామనుకున్నాను. కానీ టాపెట్లు, అంటే ఇంజన్ వాల్వుల్ని నెట్టే భాగాల సందు, చల్లటి ఇంజన్ మీదే పట్టాలని, రాత్రంతా బండి అక్కడే ఉంచమని బాబాయ్ చెప్పారు.

బస్టాండు దగ్గర ఒక లాడ్జిలో దిగాను. అక్కడ దిగమని మాత్రం ఎవరికీ చెప్పను. వేడినీళ్ళు ఉన్నాయన్నారు, రాలేదు. రాత్రంతా కిటికీలోంచి బస్సు హారన్లు. షాపు పని మీద వచ్చేవాళ్ళు పటమట వైపో బెంజ్ సర్కిల్ దగ్గరో గది తీసుకుంటే, అద్దె కొంచెం ఎక్కువైనా ఆటోనగర్ దగ్గర, నిద్రా పడుతుంది. బస్టాండు దగ్గర ఉన్నందుకు దక్కిన ఒకే ఒక్క లాభం, పొద్దున్నే గాంధీనగర్ వెళ్ళి బాబాయ్ హోటల్‌లో (మన మిస్త్రీ బాబాయ్‌ది కాదు) వెన్న వేసిన ఇడ్లీ తినడం. మెత్తగా, పొగలు కక్కుతూ వచ్చాయి. ఇంకో ప్లేటు చెప్పకుండా ఉండలేకపోయాను.

తొమ్మిదింటికి షాపులో ఉన్నాను. బాబాయ్ పిస్టన్‌ని పైకి తెచ్చి, టాపెట్ల మూత విప్పి, పుష్ రాడ్డుని రెండు వేళ్ళతో పట్టుకుని తిప్పారు. తేలిగ్గా తిరగాలి, కానీ పైకీ కిందికీ ఏమాత్రం కదలకూడదు. ఈ ఇంజన్‌కి గేజ్ అక్కర్లేదు, వేళ్ళే గేజ్. నా చేత కూడా పట్టించారు. మొదట బిగువుగా తిరిగింది. బాబాయ్ నట్టుని వెంట్రుకవాసి వదులు చేశాక రాడ్డు వేళ్ళ మధ్య జపమాల పూసలా తిరిగింది. ఆ తేడా చేతికి ఒకసారి తెలిస్తే మర్చిపోలేం.

సెంటర్ స్టాండు బుష్ అరిగిపోతే పక్క లేత్ మీద కొత్తది తిప్పించారు. పాతదాన్ని వెర్నియర్‌తో కొలిచి, అరగంటలో చేతికిచ్చారు. ఆటోనగర్‌లో షాపు పెట్టుకోవడంలోని సుఖం ఇదే, ఏ స్పేరు దొరక్కపోయినా పక్క సందులో పుడుతుంది.

లోపాలూ ఉన్నాయి. పదకొండింటికి ఇస్తామన్న బండి రెండు గంటలకి ఇచ్చారు. రేకుల షెడ్డులో మధ్యాహ్నం ఉడికిపోయాను, కూర్చోవడానికి ఒక్క స్టూలే ఉంది. ముందుగా ఎంతవుతుందో కాగితం మీద రాసివ్వలేదు, నేనే అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది. ఆడవాళ్ళని, పెద్దవాళ్ళని వెంట తీసుకెళ్ళేవాళ్ళు ఆ ఉక్కా, ఆ ఒక్క స్టూలూ గుర్తుంచుకోవాలి. కండెన్సర్, పాయింట్లు, బుష్, మూడు చోట్ల ఆయిల్ మార్పు, మజూరీ అంతా కలిపి 2,900 అయింది. ఊడదీసిన పాత సామాను కవర్లో వేసి ఇచ్చారు. అడక్కుండానే.

తిరిగొచ్చేటప్పుడు హైవే ఎక్కకుండా ప్రకాశం బ్యారేజీ మీదుగా వెళ్ళాను. 1957లో కట్టిన బ్యారేజీ. కిలోమీటరుకి పైగా పొడవు. కింద నీళ్ళు, మొహానికి గాలి, బండి చప్పుడు ఒక్క తీరున. బండిని వేడి మీద ఆపి పరీక్షించాలని ఉండవల్లి గుహల దగ్గర ఆగాను. కొండని తొలిచి చేసిన ఆ అంతస్తులెక్కి, ఒకే రాతిలో పడుకున్న అనంతపద్మనాభస్వామిని చూస్తున్నా నా మనసంతా కింద పార్కింగ్‌లోనే ఉంది. పదిహేను నిమిషాలకి దిగొచ్చాను. యాంపియర్ మీటర్ ముల్లు మధ్యకి వచ్చేదాకా కిక్ రాడ్డు మెల్లగా నొక్కి, ఇంజన్‌లో ఒత్తిడి వదిలే లివర్ పట్టి ఇంకాస్త జరిపి, వదిలి కొట్టాను. ఒక్క కిక్కు.

పెనుమాక, ఎర్రబాలెం మీదుగా మంగళగిరి చేరి, నిన్న కూర్చున్న సోడా బండి దగ్గరే నిమ్మసోడా తాగాను. గుంటూరు చేరేదాకా బండి ఎక్కడా దగ్గలేదు.

ఇంటి ముందు ఆపేసరికి నాన్న గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఆపొద్దని చెయ్యి చూపించి, కాసేపు విన్నారు.

"టాపెట్లు ఎవర్రా పట్టింది?"

చెప్పాను. ముందు ఫోర్కుల ఆయిల్ సీళ్ళు కారుతున్నాయి, వచ్చే నెల మళ్ళీ వెళ్ళాలి. తనూ వస్తానన్నారు. ఆయనకోసం ఒక మడత కుర్చీ పట్టుకెళ్ళాలి.