లాకర్ తీసేసి ట్రూట్రాక్ వేయించాను: మంచు రోడ్ల మీద నాలుగు చలికాలాలు

పాత ఫోర్డ్ ఎఫ్-150 పికప్ కొన్నప్పుడు వెనక ఆక్సిల్‌లో ఆటోమేటిక్ లాకర్ ఉంది, అంటే యాక్సిలరేటర్ తొక్కగానే వెనక చక్రాలు రెండింటినీ ఒకటిగా బిగించి తిప్పేది. ముందు ఓనరు బురదల్లో తిరిగే మనిషి, ఆయన వేయించుకున్నది. పార్కింగ్‌లో తిప్పుతుంటే వెనక టకటకమని చప్పుడు వచ్చేది. అదీ మంచికే అనుకున్నాను.

నేనుండేది మిన్నెసోటాలోని డులూత్‌లో. సుపీరియర్ సరస్సు ఒడ్డున ఊరంతా కొండవాలే. మొదటి చలికాలంలోనే ఒక ఎగువ వీధి ఎక్కి, కుడికి తిరుగుతూ యాక్సిలరేటర్ కాస్త తొక్కాను. వెనక చక్రాలు రెండూ ఒక్కసారే జారాయి. మూతి వీధిలోనే ఉంది, తోక మాత్రం ఎవరిదో మెయిల్‌బాక్స్ వైపు వెళ్లిపోయింది. పక్కన పోగేసిన మంచు దిబ్బ ఆపింది కాబట్టి సరిపోయింది.

డిఫరెన్షియల్ అంటే ఇంజిన్ బలాన్ని రెండు చక్రాలకూ పంచుతూ, మలుపులో వాటిని వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక. లాక్ లేని మామూలు ఓపెన్ డిఫరెన్షియల్‌తో అయితే పట్టులేని చక్రం ఒక్కటే గిర్రున తిరుగుతుంది. బండి కదలదు, నిజమే. కానీ జారని రెండో చక్రం తోకను పక్కకు పోనివ్వదు. లాక్ పడితే ఆ కాపలా పోతుంది. పైగా రోడ్డు అంచులకు వాలుగా ఉంటుంది కదా, బండి మెల్లగా గుంట వైపే జారుతుంది. ఇది నాకు ముందే తట్టాల్సింది. మా ఊళ్లో దమ్ము చేసే ట్రాక్టర్‌కు మడమతో తొక్కే డిఫరెన్షియల్ లాక్ ఉండేది. "తిప్పేటప్పుడు కాలు తియ్యరా" అని నాన్న గట్టు మీంచి అరిచేవాడు.

ఫోర్‌వీల్ డ్రైవ్ ఉందిగా అనకండి. నాది పార్ట్‌టైమ్ రకం, అంటే అవసరమైనప్పుడే వేసుకునేది, మంచు కరిగి తారు తేలిన చోట వేసి ఉంచకూడదు.

రెండు చలికాలాలు ఓర్చుకుని ఈటన్ ట్రూట్రాక్ వేయించాను. గేర్లతో పనిచేసే లిమిటెడ్ స్లిప్ ఇది, అంటే లాక్ వేయకుండానే ఒక చక్రం మరీ జారిపోకుండా చూసే డిఫరెన్షియల్. క్లచ్ ప్లేట్లు లేవు, వాటి రాపిడి సర్దడానికి ఆయిల్‌లో ఫ్రిక్షన్ మాడిఫయర్ కలిపే పని లేదు. ఆక్సిల్‌లోని క్రౌన్, పినియన్ గేర్ల పళ్ల మధ్య ఉండాల్సిన సందు (బ్యాక్‌లాష్) కుదర్చడం మాత్రం తెలిసిన మెకానిక్ చేయాల్సిందే, కూలి గట్టిగానే అవుతుంది. చప్పుడు లేదు, మలుపులో అదాటున పట్టుకోవడం లేదు. బలం కాస్త పట్టున్న చక్రానికి మెత్తగా మళ్లుతుంది. మరీ గట్టిగా తొక్కితే ఇదీ తోక ఊపుతుంది, అది నా కాలి తప్పు.

లోపం ఒకటుంది. ఒక చక్రం గాజులాంటి ఐసు మీద ఉంటే దాదాపు ఓపెన్ లాగే అయిపోతుంది. పట్టు తక్కువ చక్రం మోయగలిగిన బలానికి కొన్ని రెట్లు రెండోదానికి ఇవ్వడమే దీని పద్ధతి, సున్నాకు ఎన్ని రెట్లయినా సున్నాయే. అప్పుడు బ్రేకు కొద్దిగా నొక్కిపట్టి, జారే చక్రానికి కాస్త అడ్డు కల్పించి యాక్సిలరేటర్ ఇస్తే కదులుతుంది. మా ఇంటి ముందు వాలు మీద వారానికోసారైనా ఈ పని పడుతుంది.

బండిని ఆపడంలో మాత్రం ఏ డిఫరెన్షియలూ సాయపడదు. డబ్బు ఒకదానికే ఉంటే ముందు నాలుగు వింటర్ టైర్లు కొనండి. పికప్ అయితే వెనక ఆక్సిల్ మీదకు వచ్చేలా ఇసుక బస్తాలు వేసి, కదలకుండా కట్టండి.