ఐసు చప్పుడు కోసం కోనసీమ

స్కాట్లండ్ కళాకారిణి కేటీ పాటర్సన్ 2007లో ఐస్‌లాండ్‌లోని వాట్నాయోకుల్ హిమానీనదం కరిగి చేరే మడుగులో నీటి మైకు దించి, దాన్ని ఫోనుకు కలిపింది. ఆ నంబరుకు ఫోన్ చేసినవాళ్ళకి మంచు కరగడం వినిపించేది. అది చదివాక నాకూ పిచ్చి పట్టింది. నీటి మైకు ఒకటి కొనుక్కుని, హిమానీనదం లేకపోతేనేం ఐసు ఉందిగా అని గోదారి వైపు బయల్దేరాను.

నర్సాపురంలో పంటు, అంటే గోదారి దాటించే పెద్ద పడవ, ఎక్కి సఖినేటిపల్లిలో దిగాను. బండితో సహా దాటొచ్చు, గాలి హాయిగా ఉంటుంది. రికార్డింగుకు మాత్రం దండగ, అంతా ఇంజను మోతే.

అసలు సరదా అంతర్వేది పల్లిపాలెం రేవులో. చేపల కోసం ఐసు దిమ్మలు కొడుతున్నారు. ఒక ముక్క అడిగి బకెట్టు నీళ్ళలో వేసి మైకు దించాను. టప్పు టప్పుమని నాలుగు పగుళ్ళు, అంతే. ఐసు కొట్టే పెద్దాయన హెడ్‌ఫోన్ పెట్టుకుని, "ఏం లేదండి బాబూ, ఊరికే కరిగిపోతోందండి" అని నవ్వేశాడు. నిజమే. హిమానీనదంలో మంచు మీద మంచు పడి నొక్కుకుపోతుంది, లోపలి గాలి బుడగలు బిగుసుకుపోతాయి. కరిగేటప్పుడు అవి ఒక్కొక్కటే పేలి, పోపులో ఆవాల్లా చిటపటలాడతాయి. డబ్బాలో గడ్డకట్టిన మన ఐసుకి ఆ ఒత్తిడెక్కడిది!

రాత్రి దిండిలో, వశిష్ఠ గోదారి ఒడ్డునే గది. రొయ్యల వేపుడికి పూర్తి మార్కులు, నిద్రకి సున్నా. కిటికీ పక్కనే జనరేటరు. గది మార్చమంటే "ఆయ్, ఇప్పుడేనండి" అన్నారు, తెల్లారిపోయింది. చుట్టూ రొయ్యల చెరువుల్లో నీళ్ళకి గాలి కలిపే ఏరియేటర్ల మోత సరేసరి. అవి ఆగితే రొయ్యలు బతకవు కాబట్టి వాళ్ళనేమీ అనలేం.

కాకినాడ దగ్గర కోరింగ మడ అడవికి మాత్రం పొద్దున్నే వెళ్ళండి. ఎండెక్కితే చెక్క వంతెన మీద సెల్ఫీల గోల తప్ప ఏమీ వినపడదు. పడవలో పాయలోకి వెళ్ళి మైకు దించగానే ఒళ్ళు ఝల్లుమంది. అదే చిటపట! పట్టుకారులాంటి డెక్కల్లో ఒకటి మాత్రం లావుగా ఉండే చిన్న రొయ్యల పని అది. ఆ డెక్క టక్కున మూస్తే నీటిలో బుడగ పుట్టి, మరుక్షణంలో కుప్పకూలి ఆ చప్పుడు చేస్తుంది. మంచులో అయినా మడలో అయినా మోగేది బుడగేనన్నమాట.

పడవాయన ఇంజను ఆపడానికి ఒప్పుకున్నాడు గానీ, ఆగిన పావుగంటకి విడిగా డబ్బులడిగాడు. బేరమాడకుండా ఇచ్చేశాను.