మా హెడ్జ్‌హాగ్ పనసకి పురుగులు తినిపించబట్టి మూడేళ్ళు, ఏది పనికొచ్చింది ఏది రాలేదు

మేముండేది డాలస్‌లో, టెక్సస్‌లో హెడ్జ్‌హాగ్‌ని (ఒళ్ళంతా ముళ్ళుండే చిన్న జంతువు) పెంచుకోవచ్చు కాబట్టి తెచ్చుకున్నాం, కాలిఫోర్నియాలో ఉన్న మా అక్క వాళ్ళ పిల్లలకి ఎంత ఇష్టమున్నా అక్కడ ఒప్పుకోరు. వీడియో కాల్‌లో చూసి అమ్మ ముళ్ళపందిని ఇంట్లో పెట్టావా అని కంగారుపడింది, అది వేరమ్మా, ఇది రెండు అరచేతుల్లో పట్టేస్తుంది అని చెప్పా. ఒళ్ళు పనసకాయలా ఉంటుందని పేరు పనస.

రోజూ తినేది కొవ్వు తక్కువున్న డ్రై క్యాట్ ఫుడ్డే, పురుగులు దానికి తోడు మాత్రమే. ఈ సంగతి నాకు మొదట్లో తెలీదు, షాపులో అబ్బాయి ఎండబెట్టిన మీల్‌వార్మ్స్ (ఒక రకం పెంకుపురుగు పిల్లలు) డబ్బా ఇచ్చి రోజూ గిన్నె నిండా వెయ్యండి అంటే అలాగే వేశా. వాటిల్లో తేమ ఉండదు కదా, రెండ్రోజులు దానికి మోషన్ అవ్వలేదు, పాపం మూలన ముడుచుకుని పడుకుంది, నాకు ఏడుపొచ్చేసింది. డాక్టర్ దగ్గరికి పరిగెత్తాక అర్థమైంది.

ఆ తర్వాత చేసిన తప్పు వాక్స్‌వార్మ్స్, అంటే తేనెపట్టు మైనంలో పెరిగే చిమ్మట పిల్లపురుగులు. తెల్లగా మెత్తగా ఉంటాయి, వెన్నముద్దలా మింగేస్తుంది, కానీ బరువులో దాదాపు పావు వంతు కొవ్వే. నాలుగు నెలల్లో 420 గ్రాములది 565 అయింది, ముడుచుకుంటే కాళ్ళు, మొహం బయటే ఉండిపోయేవి, చంకల దగ్గర ఉబ్బిపోయింది, పైగా మామూలు తిండి ముట్టడం మానేసింది. అవి పూర్తిగా ఆపేసి రాత్రుళ్ళు చక్రం మీద పరిగెత్తించి మళ్ళీ 450కి తేవడానికి ఆర్నెల్లు పట్టింది. అప్పట్నుంచి వంటింటి త్రాసు మీద ప్రతి ఆదివారం తూస్తా.

ఇప్పుడు వారానికి మూడు రాత్రులు, ఐదారు బతికున్న మీల్‌వార్మ్స్ లేదా రెండు కీచురాళ్ళు, అంతే. పెట్టడానికి ఒక రోజు ముందు పురుగులకే క్యారెట్ ముక్క, ఓట్స్ వేస్తా, అవి తిన్నదే దీని కడుపులోకి వెళ్తుంది కదా. మీల్‌వార్మ్స్‌లో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం బాగా తక్కువ, అందుకని కాల్షియం పౌడర్ చల్లుతా. ఆ పౌడర్ గొడవ లేకుండా కావాలంటే బ్లాక్ సోల్జర్ ఫ్లై లార్వా (ఒక రకం ఈగ పిల్లపురుగులు), వాటిల్లో కాల్షియం సహజంగానే ఎక్కువ, నా ఓటు దానికే, కాకపోతే మా పనసకి అలవాటవడానికి నెల పట్టింది. కీచురాళ్ళు వాసన, రాత్రంతా అరుపు, ఒకటి తప్పించుకుంటే సోఫా కింద వారం రోజులు, కానీ వాటి వెనకాల ముక్కు ఎగరేసుకుంటూ పరిగెత్తి కరకరా నమలడం చూస్తే ఆ శ్రమ అంతా మర్చిపోతాం. మొదటిసారి కీచురాయి పెట్టినప్పుడు నోట్లో నురగ తెచ్చుకుని మెడ వెనక్కి తిప్పి నాలుకతో ముళ్ళకి రాసుకుంటుంటే ఫిట్స్ అనుకుని హడలిపోయాం, కొత్త వాసన తగిలితే అలా చేస్తాయి, భయం లేదు.

మీల్‌వార్మ్స్ ఫ్రిజ్‌లో తవుడులో వేసి పెడితే వారాలు ఆగుతాయి. సూపర్‌వార్మ్స్ (మీల్‌వార్మ్స్ లాంటివే, ఇంకా పెద్దవి) మాత్రం ఫ్రిజ్‌లో పెట్టొద్దు, చలికి చచ్చిపోతాయి, నేను యాభై పోగొట్టుకున్నా. మా అత్తయ్యగారు వచ్చినప్పుడు పెరుగు గిన్నె పక్కన డబ్బా తీసి చూసి "అమ్మాయ్, రవ్వకి పురుగు పట్టింది, పారబొయ్యనా" అన్నారు, ఆ రోజే గరాజ్‌లోకి చిన్న ఫ్రిజ్ కొన్నాం. తర్వాత ఆవిడే రాత్రి తొమ్మిదిన్నరకి "పనసకి పెట్టావా" అని గుర్తు చేసేవారు.

పెరట్లో దొరికిన పురుగుల్ని మాత్రం పట్టి పెట్టకండి, లాన్‌కి కొట్టే మందులు వాటి ఒంట్లో ఉంటాయి, పరాన్నజీవులూ ఉండొచ్చు. పెట్టిన ప్రతిసారీ చేతులు సబ్బుతో కడుక్కోండి, పిల్లలున్న ఇంట్లో అయితే మరీను.