2567లో బ్యాంకాక్ వెళ్లొచ్చాం

కాన్ఫరెన్స్‌లకి వెళ్లే పీహెచ్‌డీ పిల్లలకి ముందే చెప్తున్నా. గది ఎంత చవకైనా సరే, బిల్లు ఎలా ఇస్తారో అడగకుండా బుక్ చెయ్యకండి. గది అద్దెలో నా వాటా 3,450 బాత్‌లు, అంటే ఎనిమిది వేల పైచిలుకు రూపాయలు, ఆఫీసు నుంచి తిరిగి రాకుండా అందుకే ఇరుక్కున్నాయి.

2024 ఆగస్టు 11 నుంచి 16 దాకా బ్యాంకాక్‌లో ఏసీఎల్ అనే కాన్ఫరెన్స్ జరిగింది. కంప్యూటర్‌కి భాషలు నేర్పేవాళ్లందరికీ అది తిరునాళ్ల లాంటిది. మా జూనియర్‌దీ నాదీ కలిపి ఒక పోస్టర్, అంటే మా పరిశోధనంతా ఒక పెద్ద షీటు మీద అచ్చేసి, పక్కన నిలబడి వచ్చినవాళ్లకి వివరించడం. ఆ ఏడాది జూలై 15 నుంచి మనవాళ్లని 60 రోజుల వరకు వీసా లేకుండానే రానిచ్చారు కాబట్టి మాకు ఆ బెడద లేకపోయింది. పోస్టర్‌ని బట్ట మీద అచ్చు వేయించి, లుంగీలా మడిచి బ్యాగులో పడేశాం. కాగితం పోస్టర్లు గొట్టాల్లో మోసుకొచ్చినవాళ్ల తిప్పలు చూసి మావాడు తెగ సంబరపడ్డాడు.

సభలు సెంట్రల్‌వరల్డ్ మాల్‌ని ఆనుకుని ఉన్న సెంటారా గ్రాండ్‌లో. అక్కడే దిగడం ప్రొఫెసర్లకి చెల్లుతుంది. మేము కాలవకి అవతల, ప్రాతునామ్‌లో రాత్రికి 1,150 బాత్‌ల లాడ్జి చూసుకున్నాం. ఎయిర్‌పోర్ట్ రైల్లో రాచప్రారోప్ దాకా మనిషికి 40 బాత్‌లు, అక్కణ్ణుంచి నడకే. పొద్దున సభకి కూడా నడిచే వెళ్లొచ్చు. ఆ పేట ఎంచుకున్నందుకు నాకేం బాధ లేదు.

బాధంతా లాడ్జితోనే. ఫొటోలో కిటికీ ఉంది. గదిలోనూ నిండుగా కర్టెన్ వేలాడుతోంది. జరిపితే గోడ! ఉత్త గోడ, దాని మీద ఎవరో పెన్సిల్‌తో వేసిన లెక్క. మావాడు నవ్వలేదు. పోస్టర్ భయంలో ఉన్నాడు, రాత్రి పన్నెండింటికి ఆ కర్టెన్‌నే జనం అనుకుని పాఠం అప్పజెప్పాడు. "అన్నా, ఇదొక్కటే ఎదురు ప్రశ్నలు వెయ్యట్లేదు" అన్నాడు.

సభలు బాగానే జరిగాయి. పోస్టర్ అయిన సాయంత్రం గానీ మావాడి మొహం తేటపడలేదు. 100 బాత్‌లు పెట్టి మామిడిపండు, కొబ్బరిపాల అన్నం తిని, "మన పరమాన్నమే, మామిడిపండు అదనం" అని ఇంకో ప్లేటు చెప్పాడు. ప్రాతునామ్ రేవులో సెన్ సెప్ కాలవ పడవ మాత్రం తప్పకుండా ఎక్కండి. టికెట్లు కొట్టేవాడు కదిలే పడవ అంచు మీద తాడు పట్టుకుని నడుస్తుంటే మనకి కాళ్లు వణుకుతాయి.

ఆఖరి రోజు బిల్లు అడిగితే "యాప్‌లో వస్తుంది" అంది కౌంటర్ దగ్గరమ్మాయి. మేము కట్టింది నగదు, యాప్‌లో ఏముంటుంది? అరగంట బతిమాలాక కార్బన్ పుస్తకంలో ఏదో గీకి, ముద్ర కొట్టి ఇచ్చింది. అంతా థాయి లిపే. విమానం తొందరలో మడిచి జేబులో పెట్టుకున్నా.

హైదరాబాద్‌లో అకౌంట్స్ సార్ ఆ చీటీ కళ్లద్దాలకి దగ్గరగా పెట్టుకుని చూశారు. తేదీ 16/8/2567. "దీనికింకా 543 ఏళ్ల టైముంది కదా బాబూ!"

మావాడు ఊరుకోవచ్చుగా. "అది బుద్ధుడి లెక్క సార్, అక్కడ సంవత్సరం అలాగే రాస్తారు" అన్నాడు.

"అయితే ఆయన సంతకమే పట్రా."

విమానం టికెట్లు, బోర్డింగ్ పాసులు పాసయ్యాయి. గది బిల్లు మాత్రం వెనక్కొచ్చింది. ఇంగ్లిష్‌లో, పేర్లతో, 2024 అని రాసిన బిల్లు పంపమని లాడ్జికి ఇప్పటికి మూడు మెయిళ్లు పెట్టాను.