దక్షిణ చైనాలోని షీజియాంగ్ నదిలో ఓడ దొంగలు: గన్‌బోటా, ఓడలో ఇనుప ఊచలా?

గన్‌బోటు (ఫిరంగులున్న చిన్న యుద్ధనౌక): 1897 నాటి బ్రిటిష్ శాండ్‌పైపర్ బరువు 85 టన్నులు. నీటిలో మునిగేది రెండడుగులే, కాబట్టి లోతులేని పాయల్లోకీ దూరుతుంది. ఖర్చు సర్కారుది. కానీ 1890లో నమోవా ఓడలో లాగా దొంగలు ప్రయాణికుల వేషంలో ఎక్కితే ఫిరంగి ఎవరి మీద పేల్చాలి? పైగా పరాయి దేశపు నది! 1906లో ఈ నదిలో సైనామ్ ఓడ మీద దాడి జరిగాక బ్రిటిష్ వాళ్లు గస్తీకి దిగితే, 1907లో ఆ నది పారే క్వాంగ్‌టుంగ్ రాష్ట్ర జనం భగ్గుమన్నారు.

ఊచలు, కాపలా: ఖర్చు ఓడ యజమానిది. ఓడ నడిపే గదికి, ఇంజనుకు అడ్డంగా ఊచలు బిగిస్తే లోపలి దొంగ అక్కడే ఆగుతాడు. ఆగి ఏం చేస్తాడన్నదే భయం: చైనాలో చక్రవర్తుల పాలన పోయాక, 1914లో తాయ్ ఆన్ ఓడకు నిప్పే పెట్టారు.

పడవల్లో వచ్చి మీదపడేవాళ్లకు గన్‌బోటు. టిక్కెట్టు కొని ఎక్కేవాళ్లకు ఊచలు, ఎక్కేముందే సోదా.